ఆఖరు ఎప్పుడు సార్?

మా నారాయణఖేడ్‌కు రైలు లేదు. రైలెక్కాలంటే ఇటు జహీరాబాద్ పోవాలి, లేదంటే సరిహద్దు దాటి బీదర్ పోవాలి. అందుకే రైలు కథ మొదలుపెట్టే ముందు పిల్లలను అడిగాను, రైలు చూసినవాళ్లు ఎందరని. ఇరవై మందికి పైగా ఉన్న గదిలో ఏడు చేతులు లేచాయి. చెరుకు కొట్టడానికి అమ్మానాయినల వెంట పోయినప్పుడు గేటు పడితే లారీ మీదినుంచి చూశారట. "మస్తు పొడుగుంటది సార్, డబ్బాలు లెక్కపెట్టుకుంట నడుమల మరిచిపోయిన" అన్నాడు ఒకడు.

ఖేడ్ చుట్టుపక్కల సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. దసరా దాటిందంటే కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద వైపు తండాలు ఖాళీ అవడం మొదలవుతుంది. చక్కెర ఫ్యాక్టరీల కోసం చెరుకు కొట్టేందుకు కొందరు మన జిల్లాలోనే పోతారు, ఎక్కువమంది కర్ణాటకకూ మహారాష్ట్రకూ పోతారు. మొగుణ్నీ పెళ్లాన్నీ కలిపి లెక్కగట్టి మేస్త్రీలు ముందే అడ్వాన్సు ఇస్తారు. ఆ పైసలు అప్పటికే ఎక్కడో అప్పు కింద జమై ఉంటాయి. గిన్నెలు, బియ్యం మూటలు, కోళ్లు, చంటిపిల్లలు అన్నీ ఒకే లారీలో ఎక్కుతాయి. కొంచెం పెద్ద పిల్లలు తాత దగ్గరో అవ్వ దగ్గరో మిగులుతారు. అట్లా మిగిలిన పిల్లల బడి ఆగిపోకూడదని సర్కారు సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. నేను తెలుగు పంతులుగా రిటైరయ్యాక వారానికి రెండు సాయంత్రాలు అలాంటి ఒక చోట కథలు చెప్పడానికి పోతున్నాను.

ఆ చలికాలం నేను ఎంచుకున్నది ఎడిత్ నెస్బిట్ రాసిన 'ది రైల్వే చిల్డ్రన్'. 1906లో అచ్చయిన ఇంగ్లీషు పిల్లల నవల. లండన్‌లో సుఖంగా బతుకుతున్న ఇంట్లోకి ఒక రాత్రి ఇద్దరు మనుషులు వస్తారు, తండ్రిని వెంట తీసుకుపోతారు. ఎందుకో పిల్లలకు ఎవరూ చెప్పరు. తల్లి ముగ్గురు పిల్లలను తీసుకుని పల్లెకు పోయి, రైలు పట్టాల పక్క చిన్న ఇంట్లో ఉంటుంది. కథలు రాసి, పత్రికలకు అమ్మి ఇల్లు నడుపుతుంది. పిల్లలు రోజూ లండన్ పోయే రైలుకు చేతులు ఊపుతుంటారు, తమ ప్రేమ నాయినకు చేరుతుందని. పెద్దపిల్ల పేరు రాబర్టా, నేను రాధ అన్నాను. పీటర్ పీర్యా అయ్యాడు, ఫిలిస్ పూలీ అయింది. ఈ పేర్లు మార్చే విద్య నాది కాదు, ఎక్కడ నేర్చుకున్నానో తర్వాత చెబుతాను.

కొండచరియ విరిగి పట్టాల మీద పడినప్పుడు పిల్లలు తమ ఎర్ర లంగాలు చింపి జెండాలు చేసి రైలును ఆపే ఘట్టానికి గదిలో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల నడుమ, కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల చెయ్యెత్తింది. నాలుగో తరగతి. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడింది లేదు.

"సార్, వాళ్ల బాపు ఎప్పుడొస్తడు?"

"కథ ఆఖర్ల వస్తడు బిడ్డా."

"ఆఖరు ఎప్పుడు సార్?"

గదిలో చప్పుడు లేదు. ఆ ప్రశ్న కథ గురించి కాదని అక్కడున్న ప్రతి పిల్లకూ తెలుసు. "వచ్చే బేస్తవారం చెప్త" అని లేచాను. ముప్పై ఏండ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ని, ఆ రాత్రి నాకు జవాబు దొరకలేదు.

ఇంటికి వచ్చి ఆ రచయిత్రి జీవితం మళ్లీ తిరగేశాను. నెస్బిట్ 1858లో లండన్‌లో పుట్టారు. తండ్రి వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త. నాలుగేండ్లు నిండకముందే ఆయన పోయారు. పెళ్లయ్యాక భర్తకు జబ్బు చేసి, వ్యాపారం పోయి, ఇల్లు గడవని రోజులు వచ్చాయి. ఆమె పద్యాలు రాశారు, పత్రికలకు కథలు రాశారు, శుభాకాంక్షల కార్డులకు రంగులు వేశారు, ఆ సంపాదనతోనే ఇల్లు నిలిచింది. 1884లో లండన్‌లో ఫేబియన్ సోషలిస్టు సంఘం పెట్టినవాళ్లలో ఆమె, ఆమె భర్త ఉన్నారు. ఆమెకు కవి అనిపించుకోవాలని ఆశ. పెద్దల కోసం నవలలు కూడా రాశారు, ఇవ్వాళ వాటిని చదివేవాళ్లు అరుదు. నలభై దాటాక పిల్లల కోసం రాసినవే నిలబడ్డాయి. తండ్రి లేక పెరిగిన ఆ పసిది, తల్లి అయి, యాభైకి చేరువైన వయసులో తండ్రి కోసం ఎదురుచూసే ముగ్గురు పిల్లల కథ రాసింది. అది రాయడానికి ఆమెకు అన్నేండ్లు పట్టిందని నాకు అనిపిస్తుంది. చిన్నప్పటి ఖాళీని చిన్నపిల్లలకు అర్థమయ్యే మాటల్లో పెట్టడం కష్టం. పెద్దలకు అయితే దాన్ని ఎన్ని రకాలుగానైనా అలంకరించి చెప్పొచ్చు.

నెస్బిట్ దగ్గర మొదలైన ఆలోచన నన్ను మన తెలుగు మనిషి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కూడా తండ్రి లేక పెరిగినవాడే. తెనాలిలో 1909 అక్టోబర్ 28న పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు.

ఐదేండ్లకు తండ్రి, పదకొండేండ్లకు తల్లి పోయారు. అన్న వెంకటసుబ్బయ్య ద్వారా సాహిత్యమూ మార్క్సిజమూ పరిచయమయ్యాయి. భౌతికశాస్త్రం చదివారు, బెనారస్‌లో ఎమ్మెస్సీలో చేరి ఆర్థిక మాంద్యం రోజుల్లో చదువు నడుమ వదిలేయాల్సి వచ్చింది. తర్వాత ఎన్నెన్నో ఊళ్లలో ఎన్నెన్నో ఉద్యోగాలు. రాసినదంతా కలిపితే పది వేల పేజీలు దాటుతుంది. నవలలు, కథలు, నాటికలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు, చరిత్ర. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు అందులో ఉన్నారు. మధ్యతరగతి పిరికితనాన్నీ, పెండ్లి పేరిట జరిగే బేరాన్నీ, డబ్బు మనిషిని ఎట్లా ఒంచుతుందో దాన్నీ, ఒక్క విశేషణం ఎక్కువ పడకుండా రాసిన మనిషి. ఆ మనిషే 1952 నుంచి 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా, ఇరవై ఎనిమిదేండ్లు, మద్రాసు వడపళనిలో కూర్చుని పిల్లల పత్రిక చందమామను నడిపారు. రాజులు, రాక్షసులు, బేతాళుడు, మాట్లాడే చిలుకలు. దేవుణ్నీ దయ్యాన్నీ నమ్మని మనిషి చేతి మీదుగా నెలనెలా లక్షల ఇండ్లకు దయ్యాల కథలు పోయాయి.

ఇందులో వైరుధ్యం ఉందనేవాళ్లను నేను చాలామందిని చూశాను. నాకైతే లేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంటికి పోవాలి.

1956 దాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజన నాడు దాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, మెదక్ జిల్లా అయింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడితే అటు పోయాం. ఊరు కదలలేదు, జిల్లా మారుతూ వచ్చింది. మా నాయిన చదివింది నిజాం కాలపు ఉర్దూ బడిలో. మా అవ్వ ఇంట్లో కన్నడం కలిపిన తెలుగు మాట్లాడేది. పక్కింట్లో మరాఠీ. అంగట్లో దక్కనీ. తండా నుంచి పాలు తెచ్చేవాళ్లు లంబాడీ. నేను పుట్టే నాటికి బడి తెలుగు అయింది. అంటే మా ఇంట్లో తెలుగు అక్షరం మొదట నేర్చినవాణ్ని నేనే. నాయినకు దినపత్రిక చదవాలని ఉండేది, తెలుగు లిపి రాదు. కొడుకు దగ్గర అ ఆలు దిద్దడానికి మనసొప్పేది కాదు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు బస్టాండు దుకాణంలో నాయిన నాకు చందమామ కొన్నాడు. రంగు బొమ్మ చూసి కొన్నాడని నేను అనుకున్నాను. రాత్రి కందిలి ముందు నన్ను కూర్చోబెట్టి "చదువు, నేను వింట" అన్నాడు. నేను వేలు పెట్టి చదువుతుంటే నా వేలి వెంబడే ఆయన కండ్లు నడిచేవి. నేను దాన్ని కథ మీద ఆసక్తి అనుకున్నాను. మూడు నెలలో నాలుగు నెలలో గడిచాక, ఒక రాత్రి నేను నిద్రకు తూలుతుంటే, ఆగిపోయిన వాక్యాన్ని నాయిన అందుకున్నాడు. తడుముకుంటూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, బేతాళుడు మళ్లీ చెట్టెక్కేదాకా చదివాడు. అవ్వ చూస్తున్నది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆయన వంతు ఒక పేజీ, నా వంతు ఒక పేజీ.

నలభై దాటిన మనిషి, పొలం పని చేసి చేతులు కాయలు కాసిన మనిషి, చందమామతో తెలుగు చదవడం నేర్చుకున్నాడు. అది పిల్లల పత్రిక కాబట్టే కుదిరింది, అంతకన్నా ఆ వాక్యం అట్లా ఉంది కాబట్టి కుదిరింది. కథ మొదలైన రెండు మూడు వాక్యాల్లో ఊరు, మనిషి, వాడికి వచ్చిన చిక్కు, మూడూ మన ముందు ఉండేవి. ఒక వాక్యంలో ఒక పని. క్రియ ఎక్కడ ఉండాలో అక్కడ. చదివేవాడు తప్పిపోడు. తర్వాత కాలేజీలో కుటుంబరావు 'చదువు' నవల చేతికొచ్చినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలై, ఒక తరం చదువు ఏమైందో, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి స్వాతంత్ర్యోద్యమం, మాంద్యం మీదుగా చెప్పుకుపోయే నవల. ఈ గొంతు నాకు తెలుసు కదా అనుకున్నాను. ఎక్కడ విన్నానో అప్పుడు తట్టలేదు. చందమామలో ఆయన పేరు రచయితగా వేసేవాళ్లు కాదు. వాళ్లూ వీళ్లూ పంపిన కథలు ఆయన తిరగరాసేవారు, జాతక కథల నుంచి, అరేబియా నుంచి, గ్రీసు నుంచి తెచ్చినవి తెలుగు చేసేవారు, అన్నీ ఒకే గొంతుతో వచ్చేవి. 1980 ఆగస్టులో ఆయన పోయిన వార్త చదివినప్పుడే, మా నాయినకు చదువు చెప్పిన పంతులు ఎవరో నాకు తెలిసింది. అప్పటికి నాయిన పోయి ఏడాదయింది.

చందమామలో రాసినవాళ్ల పేర్లు వేయాల్సింది. ఈ మాట నేను గట్టిగా అంటాను. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా చదివే పిల్లలకు తెలియదు. అర్ధ శతాబ్దం పైగా ఆ పత్రికలో పని చేసి 2010లో పోయారు. ఆయన సీరియల్ కోసం బస్సుకు ఎదురు చూసిన నాలాంటివాళ్లు ఎందరో, ఒక్క ఉత్తరం ముక్క రాసుకునే భాగ్యం కూడా మాకు లేకపోయింది. బొమ్మలు గీసిన చిత్ర, శంకర్, ముఖచిత్రాల వడ్డాది పాపయ్య సంతకాలన్నా బొమ్మ మూల కనిపించేవి. రాసినవాడికి ఆ మూల కూడా దక్కలేదు.

పేర్లు మార్చే విద్య సంగతి చెబుతానన్నాను. చందమామలో రూపధరుడి యాత్రలు వచ్చాయి. హోమర్ ఒడిస్సీ అని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఒడిస్సియస్‌ను రూపధరుడు అన్నారు, ఇలియడ్‌ను భువనసుందరి అన్నారు. సముద్రం అంటే ఏమిటో తెలియని ఖేడ్ పిల్లవాణ్ని, యుద్ధానికి పోయిన తండ్రి ఇరవై ఏండ్లకు ఇల్లు చేరే కథ కండ్లార్పకుండా చదివాను. వాడు పరాయివాడని ఒక్కసారి తోచలేదు. పీర్యా, పూలీ అక్కడి నుంచే వచ్చారు.

సరిహద్దు ఊరి పిల్లలకు ఇంకో వింత ఉండేది. బీదర్ వైపు మా మేనత్త ఇంటికి పోతే అక్కడ అదే నెల చందమామ కన్నడంలో. మరాఠీ వాళ్లింట్లో చాందోబా. అవే బొమ్మలు, అదే చెట్టు, అదే శవం. తెలుగులో తయారైనదే ఆ భాషల్లోకి పోయేది. మేనత్త కొడుకూ నేనూ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, ఈ మాటకు మీ దగ్గర ఏమంటారు అని ఆడుకునేవాళ్లం. భాషలు వేరైనా ఇంట్లోవాళ్లు ఒక్కటే అని మాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

దేవుణ్ని నమ్మని మనిషి దయ్యాల కథలు ఎట్లా రాశాడన్న ప్రశ్నకు నా జవాబు ఇది. కుటుంబరావు పెద్దల కోసం రాసినా పిల్లల కోసం రాసినా అడిగింది ఒకటే. ఈ మనిషి ఇట్లా ఎందుకు చేశాడు? బేతాళుడు చెట్టు మీదికి ఎగిరే ముందు అడిగేది అదే కదా. ఫలానావాడు రాజ్యం ఎందుకు వదులుకున్నాడు, ఫలానా పిల్ల మంచివాణ్ని కాదని ఇంకొకణ్ని ఎందుకు కోరింది? తెలిసీ చెప్పకపోయావో, తల పగులుతుంది. అంటే ఆలోచించి తీరాలి. శాపాలూ మంత్రాలూ పైన వేసిన బట్ట, లోపల ఉన్నది కార్యకారణం. పాత బేతాళ కథలు ఇరవై ఐదే. చందమామ వాటిని దాటి ఏండ్ల తరబడి కొత్తవి అల్లుతూ పోయింది, ప్రతి కథా ఒక చిక్కు ప్రశ్న దగ్గర ఆగింది. తొమ్మిదేండ్ల పిల్లవాణ్ని విక్రమార్కుడి స్థానంలో నిలబెట్టి, నువ్వు జవాబు చెప్పు అనడం కన్నా పెద్ద గౌరవం వాడికి ఇంకేం కావాలి? నెస్బిట్ చేసింది కూడా అదే. తండ్రి జైలుకు పోయాడన్న సంగతి పిల్లలకు తగదని ఆమె అనుకోలేదు. రాధ ఒక పాత పేపరు ముక్క మీద ఆ వార్త తానే చదివి తెలుసుకుంటుంది, తెలిసినదాన్ని మోస్తుంది.

ఒక వెలితి మాత్రం దాచను. చందమామ తెలుగు నాకు చదువు ఇచ్చింది, మా నాయినకు ఇచ్చింది. కానీ అందులో మా అవ్వ మాట ఎన్నడూ కనిపించలేదు. జొన్నరొట్టె కనిపించలేదు, నల్లరేగడి కనిపించలేదు, తండా కనిపించలేదు. ఆ కథల్లో ఊళ్లకు పేర్లుండేవి, అవి మా ఊళ్లు కావు. అది తెనాలి మనిషి తప్పని నేననను. ఆయన తనకు తెలిసిన తెలుగును వీలైనంత తేట చేసి అందరికీ పంచారు. మా తెలుగును అట్లా తేట చేసే పని మా వాళ్లు చేయాల్సి ఉండె. పంతులునై ఉండి నేను కూడా చేయలేదు. బడిలో పిల్లలు "వస్తడు" అంటే "వస్తాడు" అని దిద్దాను ఎన్నో ఏండ్లు. ఇప్పుడు చందమామ కూడా లేదు. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది.

బేస్తవారం మళ్లీ పోయాను. కథ ఆఖరు చెప్పాను. స్టేషన్లో బండి ఆగుతుంది, ఆవిరి పొగ తేరిపోతుంది, ముగ్గురు దిగుతారు, మూడో మనిషి నాయిన. రాధ పరుగెత్తుతుంది. కిటికీ దగ్గరి పిల్ల ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "మాకు రైలు లేదు గద సార్, లారీ రావాలె" అన్నది. అవును, లారీ రావాలె అన్నాను. గోడ మీది క్యాలెండర్ దింపి అందరం కలిసి చూశాం. కొందరి యాడి (అమ్మ), బాపు ఉగాది ముందు వస్తారు, కొందరిది చెరుకు ఎక్కువుంటే ఆ తర్వాత. ఎవరిది ఎప్పుడో వాళ్లే పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. ఆఖరు ఎప్పుడన్న ప్రశ్నకు నాకు చేతనైన జవాబు అంతవరకే.

తర్వాతి వారానికి ఆ పిల్ల అర పేజీ రాసి తెచ్చింది. లారీ కథ. లారీ మాట్లాడుతుంది, గేటు పడ్డప్పుడు రైలుతో కొట్లాడుతుంది. సగం మాటలు లంబాడీవి, తెలుగు అక్షరాల్లో. దిద్దడానికి చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. ఒక్కటే చెప్పాను, కింద పేరు రాయమని. ఎందుకు సార్ అన్నది. చదివినవాళ్లకు ఎవరు రాశారో తెలియాలె కద బిడ్డా అన్నాను. పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

తెలుగులో నవలలు రాస్తున్న మిత్రులకు నాదొక విన్నపం. కుటుంబరావు తన నవలకు ఎంత శ్రద్ధ పెట్టారో పిల్లల కథకూ అంతే పెట్టారు, ఇరవై ఎనిమిదేండ్లు పెట్టారు. మీరు ఇరవై ఎనిమిది నెలలు పెట్టండి, చాలు. లారీ ఎక్కే పిల్లలకూ, ఎక్కకుండా మిగిలే పిల్లలకూ ఒక్క పుస్తకం రాయండి, వాళ్ల ఊరి పేరుతో, వాళ్ల మాటతో. అట్ట మీద మీ పేరు వేసుకోండి. దసరా తర్వాత లారీలు మళ్లీ వస్తాయి.